కొస పట్టిన గోపాలుడు

ఏడుమళ్ల తోటకు దయచేసిన భక్తులారా, ముందు ఆ మెట్ల మీద కూర్చుని కాస్త చెమట ఆరనివ్వండి. తోట ఎక్కడికీ పోదు. కొండవాలున ఏడు మళ్లుగా దిగిన ఈ పూదోటను చూడడానికి దూరప్రాంతాల నుంచి యాత్రికులు వస్తూ ఉంటారు. పై మడిలో సంపెంగలు, దాని కింద విరజాజి పందిళ్లు, ఆ దిగువన నందివర్ధనాలు, గన్నేర్లు, మరువం, దవనం. అన్నిటికంటే కింద మడి నిండా మల్లెలే. పై బావి నీరు రాతి కాలువలో దిగుతూ ఒక్కొక్క మడినే తడిపి, చివరికి మల్లె మొదళ్లలో ఇంకిపోతుంది. నాలుగో మడి నడుమ చిన్న మంటపంలో శ్రీ వేణుగోపాలస్వామివారు కొలువై ఉన్నారు.

స్వామిని చూసినవారికి కలిగే సందేహం ఒకటే. వేణుగోపాలుడంటారు గదా, వేణువేది? రెండు చేతులూ పిల్లనగ్రోవి పట్టినట్టే లేచి ఉంటాయి గాని పిల్లనగ్రోవి ఉండదు. పక్కన అమ్మవార్లూ ఉండరు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం దేన్నో వదలకుండా నొక్కిపట్టినట్టు కలిసి ఉంటాయి. శిల్పి వాటిని అలా చెక్కలేదు. అవి అలా కలిసిన వైనమే ఈ క్షేత్ర మహిమ.

పూర్వం ఇక్కడ, ఈ కొండ మీద కోట ఉన్న రోజుల్లో, హనుమప్ప నాయకుడనే ప్రభువు స్వామి పూజ కోసం ఈ తోట వేయించాడు. దండలు కట్టే కైంకర్యాన్ని తిరువేంగళయ్య, నాంచారమ్మ అనే దంపతులకు అప్పగించాడు. ప్రతిదినం ఏడు మూరల దండ, ఎక్కడా అతుకు లేకుండా, ఉదయపు ఆరాధనకు అందాలి. వారి వంశంలో ఒక కట్టుబాటు ఉండేది. స్వామి దండకు వాడే దారం నేలను తాకకూడదు. స్తంభానికో కొమ్మకో ముడివేయకూడదు. ఒక కొస కట్టేవారి చేతిలో ఉంటే రెండో కొస మరొక మనిషి చేతిలో ఉండాలి. మామూలు పూలమ్మేవారు దారాన్ని కాలి బొటనవేలికి తగిలించుకుని చకచకా కట్టేస్తారు, మీరూ చూసే ఉంటారు. ఇక్కడ అది అపచారం. పళ్లతో పట్టుకోవచ్చు గదా అంటారేమో, ఎంగిలి అవుతుంది. అందుచేత తిరువేంగళయ్య కొస పట్టేవాడు, నాంచారమ్మ కట్టేది. ఆమె ఎంత వెనక్కి జరిగితే దండ అంత పెరిగేది. ఆ దారానికి అటొకరు, ఇటొకరుగా వారి కాపురంలో పన్నెండేళ్లు గడిచాయి.

ఒక ఏడు నాయకుడు దండు కదిలించాడు. ఉత్సవమూర్తులు వెంట ఉంటే జయమని ఎవరో చెప్పగా, అమ్మవార్ల విగ్రహాలనూ, స్వామి చేతిలోని వెండి పిల్లనగ్రోవినీ పల్లకిలో పెట్టించాడు. దండుతో సాగే అమ్మవార్లకు దండలు కావాలని తిరువేంగళయ్యను కూడా రమ్మన్నాడు. మల్లెలు రెండో విడత పూసేసరికి తిరిగి వస్తామని చెప్పి వెళ్లారు.

రాలేదు. నాయకుడు నాలుగు రోజుల ప్రయాణం అవతల కొత్త కోట కట్టుకుని అక్కడే నిలిచిపోయాడు. కోట వెళ్లిపోతే ఊరేముంటుంది? కంసాలులు వెళ్లారు, నేతవారు వెళ్లారు, అంగళ్లవారు తలుపులు సైతం ఊడదీసుకుని వెళ్లారు. చివరికి కొండ మీద మిగిలినవారు నలుగురు. పూజ చేసే అప్పలాచార్యులు, ఎద్దులు కట్టి తోలుబానతో బావినీళ్లు తోడే ఓబులేసు, అతని భార్య సుబ్బక్క, నాంచారమ్మ. దండు వాగు దాటుతుండగా వరద వచ్చిందనీ, కొందరు కొట్టుకుపోయారనీ ఒక కబురు వచ్చింది. ఆ కొందరిలో ఆమె భర్త ఉన్నాడో లేడో చెప్పగలవారు రాలేదు. దిగువ పల్లెల్లో పసుపు కుంకాలకు పిలిచేవారు నాంచారమ్మ గుమ్మం దగ్గర ఆగి, ఏమనుకుంటారో ఏమో, దాటిపోయేవారు. పిలవాలో పిలవకూడదో వారికీ తెలియదు. ఆమె మాత్రం రోజూ బొట్టు పెట్టుకునేది. వంట ఒక మనిషికే చేసుకునేది.

సుబ్బక్క బతికి ఉన్నంతకాలం ఆమె వచ్చి దారం కొస పట్టేది. ఒకటే వాగుడు, చెయ్యి నిలకడగా ఉండేది కాదు, దండ వంకరపోయేది. అయినా మనిషి. ఒక వానాకాలం జ్వరంతో సుబ్బక్క కూడా పోయింది. ఓబులేసు చేతులు పొద్దస్తమానం బాన తోలు మీద ఉంటాయి గనుక దేవుడి దారం ముట్టడానికి వీల్లేదు. ఆచార్యులవారా, ఆ వేళకు గర్భగుడిలో మడితో ఉంటారు. పైగా వృద్ధులు, చేతులు వణుకు. "నా ఎద్దులకు చేతులుంటే పంపుదును గదక్కా" అన్నాడు ఓబులేసు. నవ్వించాలనే అన్నాడు గాని తనకే కళ్లనీళ్లు తిరిగాయి.

మర్నాడు నాంచారమ్మ తలుపు వేసుకుని, దారాన్ని కాలి బొటనవేలికి తగిలించుకుంది.

ఆ దండ కుదిరినంత చక్కగా మరే దండా కుదరలేదు. కొస పట్టడానికి పల్లె నుంచి ఎవరో వచ్చారనుకున్న ఆచార్యులవారు దాన్ని స్వామికి వేసి, రెండడుగులు వెనక్కి వచ్చి చూసుకుని, ఇన్నాళ్లకు నీ చెయ్యి కుదుటపడిందమ్మా అని మెచ్చుకున్నారు. ఆమె అన్నం ముద్ద నోట పెట్టుకోలేకపోయింది. అలా తొమ్మిది రోజులు గడిచాయి. పదోరోజు కొత్త కోట నుంచి తాటాకు కమ్మ మీద ఉత్తరం వచ్చింది. గుళ్ల పనులు చూసే పారుపత్తెదారు రంగప్పగారు ఏకాదశికి వస్తున్నారట. దండ కైంకర్యం సవ్యంగా సాగుతుంటే స్వామి ఇక్కడే ఉంటారు. కుంటుపడి ఉంటే బండి మీద కొత్త కోటకు చేరుస్తారు.

ఆచార్యులవారు కమ్మ చదివి, మనకేం భయం, దండ రోజూ అందుతూనే ఉంది గదా అన్నారు. నాంచారమ్మ నోరు మూసుకుని ఉంటే స్వామి నిలిచేవారు. ఆయనా వెళ్లిపోతే ఈ కొండ మీద ఆమెకు ఇక ఎవరూ లేరు. అది తెలిసి కూడా ఆమె మంటపం మెట్టు మీద తల ఆనించి, కాలివేలి సంగతి చెప్పేసింది. ఆచార్యులవారు లోపలికి వెళ్లి, స్వామి మెడలోని దండ తీసి, కాలువలో వదిలేశారు. రేపటి నుంచి స్వామికి దండ లేదమ్మా అన్నారు. ఏకాదశి ఎల్లుండే.

ఆ మిట్టమధ్యాహ్నం నాంచారమ్మ మల్లెమడి గట్టున కూలబడి, ఏడ్చి ఏడ్చి నిద్రలోకి జారింది. కలలో స్వామి ఎదుట నిలబడి ఉన్నారు. కోపం లేదు. రెండు చేతులూ చూపించారు.

"నాంచారీ, నా పిల్లనగ్రోవి పట్టుకుపోయారు. నా పక్కవారిని పట్టుకుపోయారు. పొద్దంతా వట్టి చేతులతో నిలబడి ఉన్నాను. ఆ కొస నాకివ్వాలని నీకు తోచలేదా?"

ఆమె లేచి తడబడుతూ వెళ్లి కల సంగతి చెప్పింది. ఆచార్యులవారు తల అడ్డంగా ఊపారు. స్వామి చేతిని తాకిన దారం అప్పటికే నిర్మాల్యం. నిర్మాల్యాన్ని దండగా కట్టి మళ్లీ ఎలా సమర్పిస్తారు? శాస్త్రం ఒప్పదు. ఆమె వాదించలేదు, కదలనూ లేదు. పొద్దు వాలేవరకు ఆయన మంటపం చుట్టూ తిరుగుతూ ఆలోచించి, చివరికి ఆమె ఎదుట ఆగారు.

"మళ్లీ సమర్పించడం దేనికమ్మా? ఒక కొస ఆయన చేతిలో ఉండగా కడితే, కట్టిన పువ్వు కట్టినట్టే ఆయనకు చేరుతుంది. రేపు స్నానం చేసి రా."

తెల్లవారింది. ఆచార్యులవారు దారం కొసను స్వామి కుడిచేతి వేళ్ల మధ్య ఊరికే వేలాడదీశారు. ముడి వేయకూడదు గదా. రాతివేళ్లు, పైగా లావాటి పిల్లనగ్రోవి పట్టేటంత ఎడం. ఏమాత్రం లాగినా దారం జారి కింద పడుతుందని ఆయన భయం. నాంచారమ్మ గడప బయట కూర్చుని, దారం బిగించి, మొదటి మల్లె కట్టింది. దారం జారలేదు. రెండోది కట్టింది. వెనక్కి జరిగింది. జారలేదు. ఆనాటి దండ అతుకు లేకుండా ఏడు మూరలూ నిండింది.

ఏకాదశినాడు రంగప్పగారు పొద్దున్నే దిగారు. వెంట గడ్డి పరిచిన బండి, మోకులు, ఎనిమిదిమంది మనుషులు. మంటపంలోకి వచ్చి చూస్తే దండ సగం దాటి ఉంది. దారం గడప దాటి లోపలి చీకట్లోకి వెళ్తోంది. అవతల పట్టుకున్నది ఎవరో ఆయనకు కనబడలేదు.

"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నారు.

"నా చేతిలో రెండు మూరల పనుందయ్యా. అవతల పట్టుకున్నవారికి తొందరుంటే వారినే అడగండి" అంది నాంచారమ్మ, తల తిప్పకుండా.

ఆయన గడప దగ్గరకు వచ్చి లోపలికి తొంగిచూశారు. ముడి ఎక్కడేశారని ఆచార్యులను అడిగారు. ముడి లేదన్నారాయన. నమ్మకం కుదరక, దండ పూర్తయ్యాక రంగప్పగారు తామే దారం పట్టి మెల్లగా లాగారు. రాలేదు. కాస్త బలంగా లాగారు. దీపం దగ్గరకు తెప్పించి చూస్తే, ఎడంగా ఉండవలసిన ఆ రెండు వేళ్లూ దారం మీద కలిసి ఉన్నాయి. రంగప్పగారు చెయ్యి వదిలేసి నేల మీద సాగిలపడ్డారు. బయటికి వచ్చి, స్వామి పనిలో ఉన్నారు, పనిలో ఉన్నవారిని కదిలించకూడదు, బండిలోని గడ్డి ఇక్కడి ఎద్దులకు వేసేయండి అని మనుషులకు చెప్పారు.

ఆయన బయలుదేరుతుండగా నాంచారమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. కొత్త కోటలో దండలు కట్టేది తిరువేంగళయ్యేనా అని.

"నేను కొలువులో చేరేనాటికే అక్కడ కట్టేవారు వేరమ్మా. ముందున్నవారి సంగతి నాకు తెలియదు."

సరేనంది. మర్నాడు పొద్దున్నే పూలు కోసుకుని వచ్చి కూర్చుంది. తిరువేంగళయ్య రాలేదు, ఆయన లేడన్న కబురూ రాలేదు. మరో ముప్పైయేళ్లు ఆమె ఒక్కతే ఆ గడప బయట కూర్చుని కట్టింది. ఆమెకు మాత్రం తాను ఒక్కదాన్నని తోచడం మానేసిందని ఓబులేసు చెప్పుకునేవాడట. కడుతూ కడుతూ అవతలి కొస వైపు చూసి ఏదో చెప్పేదట, కాసేపు ఆగేదట, మళ్లీ కట్టేదట.

నేటికీ ఏడుమళ్ల తోటలో స్వామివారి దండ అదే పద్ధతిలో సాగుతోంది. తెల్లవారి ఆరాధనకు ముందు అర్చకులు దారం కొసను స్వామి వేళ్లకు అందిస్తారు. ఇవతల కూర్చుని కట్టే హక్కు ఏ వంశానిదీ కాదు. ఆ రోజు తోటకు ఒంటరిగా వచ్చినవారిది. కట్టడం రానివారికి పక్కన కూర్చుని నేర్పుతారు. సువాసినులా, కాదా, ఏ ఊరు, ఏ ఇంటివారు అని అడిగే ఆచారం లేదు. పోయినవారు తిరిగి వస్తారని ఈ క్షేత్రంలో ఎవరూ మాట ఇవ్వరు. ఇక్కడ ఒక్క మూర కట్టి వెళ్లినవారికి ఇంట్లో కూర్చున్నప్పుడు మనసు నిలుస్తుందనీ, అన్నం సయిస్తుందనీ మాత్రం పెద్దలు చెబుతారు.

కనుక తోటంతా తీరిగ్గా చూడండి, మల్లెమడి దగ్గర చల్లగాలికి నిలబడండి. మీలో ఎవరైనా ఒక్కరే వచ్చి ఉంటే, వెళ్లేలోగా మంటపం దగ్గరకు వచ్చి ఆ మాట అర్చకుల చెవిన వేయండి. రేపు పొద్దున మీకు చోటు ఉంచుతారు.