పాత ఆకలికి నెయ్యి లేదు

చిత్రగిరిని ఏలే ధరణీధర మహారాజుకు అరవై ఏళ్లు నిండబోతున్నాయి. ఇంకొకరైతే అద్దం చూసుకుని దిగులుపడేవారు. ఈయన మాత్రం తెగ సంబరపడ్డాడు. ఆ రాజ్యంలో అరవై దాటిన ప్రతివాళ్లకూ రాజవైద్యం ఉంది మరి. ఏ జబ్బు చేసినా ఖర్చులో మూడు వంతులు ఖజానా పెడుతుంది. నాలుగో వంతు మాత్రం రోగే పెట్టుకోవాలి.

ఆ నాలుగో వంతు కోసం మాచన మంత్రి ఒక ఏర్పాటు కనిపెట్టాడు. దాని పేరు తోడుపత్రం. పత్రం తీసుకున్నవాళ్లు నెలకో ముంత నెయ్యి మంత్రిగారింటికి పంపాలి. జబ్బు చేస్తే నాలుగో వంతు ఆయన భరిస్తాడు. ఊరంతా అలాగే చాటించాడు. మంత్రిగారి మీసాలు అప్పట్నుంచే నిగనిగలాడుతున్నాయని ఊళ్లోవాళ్లు అనేవారు. నేననడం లేదు.

"మాచనా, నేనూ తోడుపత్రం తీసుకుంటా," అన్నాడు రాజు నిండు సభలో. "కానీ ఆ తాటాకుల కట్ట మూడుసార్లు చేతబట్టా, మూడుసార్లూ నిద్రపోయా. ఇంతకీ అందులో ఏముంది?"

"అర్థం చేసుకునే శ్రమ తమకెందుకు ప్రభూ? ముద్ర వేస్తే చాలు."

రాజుకు రోషం వచ్చింది.

"రేపు నా పుట్టినరోజు విందు ముగిసేలోగా, నాతో చదివించకుండా, నన్ను నిద్రపుచ్చకుండా ఆ పత్రం నాకు అర్థమయ్యేలా చేసినవాడికి అడిగింది ఇస్తా!"

పండితులంతా తలలు దించుకున్నారు. వాళ్లూ ఆ కట్ట పట్టుకుని నిద్రపోయినవాళ్లే. వెనక నుంచి ఒక్క చెయ్యి లేచింది. రాజుగారి పంక్తికి వడ్డన చేయించే ఓబులేశుది.

"గరిటె పట్టే చెయ్యి పత్రం పడుతుందట!" అని మాచన మీసం దువ్వుకున్నాడు.

ఓబులేశు చెయ్యెత్తడానికి కారణముంది. ఆ పొద్దున వంటశాలలో రోలు చప్పుడు వినిపించలేదు. వెళ్లి చూస్తే, ముప్పై ఏళ్లుగా అక్కడ పచ్చళ్లు నూరే పోలమ్మవ్వ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏందవ్వా, ఈరోజు రోలుకు సెలవిచ్చావా?"

"మణికట్టు పట్టేసింది నాయనా. రేపటికి గోంగూర పచ్చడి ఎట్లాగో ఎడం చేత్తో నూరేశా. నలభై రోజులు తైలం కట్టు కట్టాలన్నాడు వైద్యుడు. నా వంతు కోసం మంత్రిగారింటికి పోతే, ఈ నొప్పి పత్రం తీసుకోకముందే ఉంది, పాత జబ్బుకు పత్రం వర్తించదు పొమ్మన్నారు. ఏడాది పొడుగునా నెయ్యి పోశాను. పోసేటప్పుడు ఈ మాట ఒక్కరూ చెప్పలే."

"కట్టు కట్టించుకోకపోతే?"

"నూరలేని దాన్ని వంటింట్లో ఎన్నాళ్లు ఉంచుకుంటారు?" అంది అవ్వ. ఓబులేశు అవ్వ దగ్గరున్న తోడుపత్రం కట్టను అడిగి తీసుకున్నాడు.

మర్నాడు విందుకు ముందు అతను ఓ తాటాకుల కట్ట పట్టుకుని మాచన దగ్గరికి వెళ్లాడు.

"మంత్రివర్యా, ఈసారి పంక్తిలో అన్నం, పప్పు, కూర రాజుగారివి. నెయ్యి, పచ్చడి కావాలంటే ఈ తోడువిస్తరి పత్రం తీసుకోవాలట. తమ పట్టు ఉత్తరీయం ఇస్తే చాలు. ఒకసారి చదువుకోండి."

"నేను పత్రాలు రాసేవాణ్ణిరా, చదివేవాణ్ణి కాను!" అని మాచన ముద్ర గుద్ది, ఉత్తరీయం విసిరేశాడు.

పంక్తి కూర్చుంది. అన్నం, పప్పు, కూర పడ్డాయి. ఓబులేశు ఆ ఉత్తరీయమే నడుముకు చుట్టుకుని నేతిగిన్నెతో వచ్చాడు. రాజుకు ధారగా పోశాడు. మాచన దగ్గర ఆగాడు.

"మంత్రిగారూ, తమకు ఆకలి ఎప్పుడేసింది?"

"ఇదేం ప్రశ్నరా? పొద్దుట్నుంచీ వేస్తోంది!"

"అయ్యయ్యో! పత్రం తీసుకోకముందటి ఆకలా? పాత ఆకలికి నెయ్యి వర్తించదండీ."

పంక్తి అంతా కిసుక్కుమంది. మాచన ఘుమఘుమలాడే పచ్చడి గిన్నె వైపు చూసి గుటకేశాడు. అయినా తెలివైనవాడేగా.

"నెయ్యి వద్దులే. పచ్చడి మీద ఆశ మాత్రం నాకు ఇదిగో, ఇప్పుడే పుట్టింది!"

"భేష్! కొత్త ఆశే. కాకపోతే పత్రం తీసుకున్నాక మూడు విందులు గడిస్తేగానీ కొత్త ఆశలకు వడ్డన మొదలవదు."

"అయితే ఈ పూట నాకేం పెడతావురా?"

"పత్రం ప్రకారం అన్నం ఒక్కటే."

"అన్నం రాజుగారే పెట్టారుగా!"

"అందుకే మేం పెట్టనక్కర్లేదు."

మాచన మీసాలు వణికాయి. "ఇది పగటి దోపిడీ ప్రభూ! ఇంత అన్యాయపు పత్రం ఎవడు రాశాడో వాడికి కొరడా దెబ్బలు..."

ఓబులేశు రెండు కట్టలూ రాజు ముందు పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"రాసింది మంత్రిగారే ప్రభూ. జబ్బు ఉన్నచోట ఆకలి, మందు ఉన్నచోట నెయ్యి, నెలలు ఉన్నచోట విందులు అని మార్చాను. మిగతా అక్షరం ముట్టలేదు."

రాజు చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అంటే, పదేళ్లుగా సలుపుతున్న నా మోకాలు?"

"పాత మోకాలు ప్రభూ."

అంతే. రాజు నవ్విన నవ్వుకు విస్తరిలో అప్పడం ఎగిరిపడింది. పంక్తి మొత్తం పొట్టలు పట్టుకుంది.

"అర్థమైందిరా! అయితే తోడుపత్రమే వద్దంటావా?"

"తోడు మంచిదే ప్రభూ. రాజవైద్యం ఆగిన చోట అది మొదలవ్వాలి. ఏది ఇస్తుందో, ఏది ఇవ్వదో మొదటి ముంత అందుకోకముందే చెప్పాలి. అదీ ఒక్క తాటాకులో, నిద్ర పట్టేలోగా."

రాజు అలాగే శాసనం చేశాడు. మోసపోయినవాళ్ల నెయ్యి తిరిగిచ్చేయాలన్నాడు. మరి నీకేం కావాలని ఓబులేశును అడిగాడు.

"పోలమ్మవ్వ చేతికి కట్టు. ఆ నలభై రోజులూ రోలు ఖాళీగా ఉండకుండా, బలమైన చేతులు ఒక జత."

రాజు పంక్తి పొడుగునా చూశాడు. నెలల తరబడి నెయ్యి తిన్న చేతులు ఒక్కచోటే కనిపించాయి.

మర్నాడు పొద్దున వంటశాలలో మళ్లీ రోలు మోగింది. తైలం కట్టుతో పీట మీద కూర్చున్న పోలమ్మవ్వ, చెమటలు కక్కుతున్న మాచనను చూసి మెత్తగా అడిగింది.

"చేతులు నొప్పెడుతున్నాయా మంత్రిగారూ? ఇది కొత్త నొప్పేనా, పాతదా?"