పదివేల ఒకటో మొక్క

అనగనగా ఉద్దానంలో, సముద్రపు హోరు వినబడే ఓ ఊళ్ళో, పైడమ్మ అని ఒక తోటమాలి ఉండేదమ్మా. దొరగారి కొత్త తోట కోసం పదివేల కొబ్బరికాయలు నారుమడిలో పాతింది. అన్నీ మొలిచాయి. ఒక కాయకి మాత్రం రెండు మొలకలొచ్చాయి! పైడమ్మ వాటిని మెల్లగా విడదీసింది. రెండోది బక్కది. దానికి రోజూ తన తాగేనీళ్ళలోంచి ఓ ముంత పోసి బతికించింది. నీకు నేను మీగడ దాచి పెడతానే, అలాగన్నమాట.

అప్పుడు దొరగారి లెక్కలు చూసే పేష్కారు వచ్చాడు. అతని తలపాగా గురించి చెప్పాలంటే అదే ఒక కథ, పోనీలే. వరసకి వంద చొప్పున వంద వరసలకి తాళ్ళు కట్టించాడు. ఆ తోటలో వరసకో మనిషి నీళ్ళు మోస్తాడు. ఎవరికీ పని ఎక్కువ కాకుండా వరసలన్నీ సమానంగా ఉండాలని కట్టుబాటు.

"ఒకటి మిగిలిందే! పీకి పొయ్యిలో పెట్టండి" అన్నాడు.

"వద్దు బాబూ! దీన్నీ కలిపి సమానంగా వరసలు కడతాను."

"పదివేల ఒకటినా? అది ఎవరికీ లొంగదు. సరే, మూడు రోజులు చూస్తాను."

ఆ తర్వాత పైడమ్మ పదివేల ఒక్క చింతపిక్క పోగేసి వాకిట్లో పేర్చింది. రెండు వరసలు పేరిస్తే ఒకటి మిగిలింది. మూడు పేరిస్తే రెండు మిగిలాయి. ఏడు పేరిస్తే ఐదు! కానీ ఓ కిటుకు దొరికింది. రెండుకి లొంగనిది నాలుక్కీ లొంగదు, ఆరుకీ లొంగదు. వాటిని వదిలేయొచ్చు.

రెండోరోజు ఇంకో కిటుకు. వంద దాటి చూడక్కర్లేదు. వందకి పైన వరసలు కుదిరితే, పక్కనుంచి చూసినప్పుడు అవే వందలోపు వరసలు కదా!

ఏ వరసలకీ లొంగని సంఖ్యని ప్రధాన సంఖ్య అంటారట. మీ తాతయ్య చెప్పేవారు. కాలేజీ చదువు కదా, పప్పులో ఉప్పెక్కువైనా లెక్కే వేసేవారు. ఇంతకీ ఎక్కడున్నాం? ఆఁ, మూడోరోజు.

మూడోరోజు డెబ్బై ఒకటీ కుదరలేదు. ఇక చూడాల్సినవి ఐదే సంఖ్యలు.

"పులుసు వండుకుని, పిక్కలతో పందిరేస్తున్నావా పైడమ్మా?" అని నవ్వాడు పేష్కారు.

పైడమ్మ డెబ్బైమూడు వరసలు పేర్చింది. వరసకి నూట ముప్పై ఏడు. ఆఖరి పిక్క ఆఖరి చోట కూర్చుంది. చెయ్యి చూస్తే ఖాళీ! నేల చూస్తే ఖాళీ!

పేష్కారు ఒకసారి లెక్కపెట్టాడు. రెండోసారి, మూడోసారీ లెక్కపెట్టాడు. అప్పుడు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తాళ్ళు విప్పండ్రా! పైడమ్మ చెప్పినట్టు కట్టండి!"

కూలీలంతా ఈలలేశారు. పైడమ్మ బక్క మొక్కని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి, మొదటి వరసలో మొదట నాటింది.

ఇప్పుడా తోట ఆకాశానికి తగులుతోంది. పొడుగు చూసి, అందులో ఒకప్పటి బక్కది ఏదో చెప్పమంటే పేష్కారు కూడా చెప్పలేడు.

బక్క మొక్క చేరె బారుకి,
కథ నడిచె కంచి ఊరికి,
నిద్దరొచ్చె నా బంగారుకి!