గవ్వ కుంటికాలు

వేరుశనగ చేలకూ కాలువ గట్టుకూ మధ్య ఒక గులకరాళ్ల బీడు ఉంది. నాగలి దిగదని మనుషులు దాన్ని వదిలేశారు. మనుషులు వదిలేశారని తీతువు పిట్టలు అక్కడ కాపురం పెట్టాయి. తల్లి పేరు కంకరమ్మ, తండ్రి పేరు తిప్పయ్య. గూడు కట్టే అలవాటు ఆ వంశంలో లేదు. కంకరమ్మ రాళ్ల మధ్యే మూడు గుడ్లు పెట్టి పొదిగింది. ముగ్గురు పిల్లలు పుట్టారు. గుండు, పలుగు మగపిల్లలు. ఆఖరిది గవ్వ, ఆడపిల్ల.

కంకరమ్మకు ఆ చుట్టుపక్కల మంచి పేరుంది. కుక్కో నక్కో పిల్లల వైపు వస్తే ముందు గట్టిగా ఒక కూత కూసేది. ఆ కూత వినగానే పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నేలకు అతుక్కుపోవాలి. రాళ్లలో రాళ్లలా కలిసిపోవాలి. తర్వాత ఆమె ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, కుంటుతూ, మూలుగుతూ వచ్చినవాడి ముందు నుంచే పోయేది. వాడు నోరూరించుకుంటూ వెంటపడేవాడు. రెండు మూడు చేలు దాటాక ఆ రెక్క దానంతటదే బాగైపోయేది. ఆమె ఎగిరి వచ్చేసేది. వాడు నడిచి వెళ్లేవాడు.

తోకప్ప అనే నక్క అలా ఆమె వెనక రెండుసార్లు పరుగెత్తాడు.

పిల్లలను కదలొద్దని చెప్పారు గానీ కళ్లు మూసుకోమని ఎవరూ చెప్పలేదు. రెండుసార్లూ గవ్వ మొత్తం చూసింది.

పుట్టిన ఇరవయ్యో రోజున గవ్వకు కాలు బెణికింది. అందరూ నీళ్లకు కాలువ దాకా నడవాల్సిన సమయంలోనే బెణికింది.

"ఎక్కడమ్మా నొప్పి?" అంది కంకరమ్మ.

"కాల్లో."

"కాల్లో ఎక్కడ?"

గవ్వ కాసేపు ఆలోచించి, "అంతటా," అంది.

కంకరమ్మ కాలువకు ఎగిరి వెళ్లి, రొమ్ము ఈకలు నీళ్లలో ముంచుకుని వచ్చింది. గవ్వ ఆ తడి ఈకల్లోంచి నీళ్లు పీల్చుకుని తాగింది. తర్వాత ఎండ తగులుతోందంటే తల్లి రెక్క విప్పి గొడుగులా పట్టింది. అన్నలిద్దరూ కాలువ దాకా నడిచి, తాగి, మళ్లీ నడిచి వచ్చేసరికి గవ్వ నీడలో చల్లగా కూర్చుని ఉంది.

కాలు నయం కాలేదు. నయం కావడానికి దానికి తొందరేమీ కనిపించలేదు.

"మా వంశంలో కుంటివాళ్లు లేరే," అన్నాడు తిప్పయ్య.

"మా వైపూ లేరు. మీ పెదనాన్నగారు కొంచెం ఒరిగి నడిచేవారు. గుర్తు తెచ్చుకోండి."

"ఆయన తాటికల్లు కుండల దగ్గర తిరిగేవాడు. అందుకే ఒరిగేవాడు."

పిల్లలు పుట్టి నెల దాటింది. గుండు, పలుగు రెక్కలు కొట్టుకుంటూ ఎగరడం నేర్చుకుంటున్నారు. మూరెడు లేస్తారు, బోర్లా పడతారు. కంకరమ్మ రోజుకు ఆరుసార్లు కాలువకు తిరుగుతూనే ఉంది. రొమ్ము మీద ఈకలు పలచబడ్డాయి. ఆమె మేత కూడా సరిగ్గా తినడం లేదు.

ఒక మధ్యాహ్నం చేను గట్టున మైలెద్దు నెమరేస్తూ కనిపించింది. కంకరమ్మ దాని ముందు వాలి తన గోడు చెప్పుకుంది.

"నలభై రోజుల పిల్ల మైలన్నా. ఇంకా కుంటుతోంది. జీవితమంతా ఎవరు తెచ్చి తాగిస్తారు దానికి?"

మైలెద్దు ముందు నోట్లోది పూర్తిగా నమిలి మింగింది.

"ఏ కాలమ్మా?"

"ఎడమ కాలు."

"పొద్దున ఎడమ కాలే. సాయంత్రం కుడికాలు కుంటుతుంది. నేను రోజూ చూస్తున్నాను."

కంకరమ్మ బిత్తరపోయింది. "అంటే?"

"అంటే నాకు తెలియదు. నేను ఎద్దును. పుట్టినప్పటి నుంచి ఒక్క అబద్ధం ఆడలేదు. అందుకే కాడి లాగుతున్నాను," అని మళ్లీ నెమరు మొదలుపెట్టింది.

కంకరమ్మ ఆ రాత్రంతా ఆలోచించింది. ముందు కోపం వచ్చింది. తర్వాత, ఈ విద్య దానికి ఎక్కడ అబ్బిందా అనుకుంది. జవాబు తెలిసిపోయి ఇంకా కోపం వచ్చింది. "నేను చేసింది ప్రాణం కాపాడటానికి. అది చేసేది నడవడానికి బద్ధకించి. రెండూ ఒకటెలా అవుతాయి?" అని తిప్పయ్యను లేపి మరీ అడిగింది. తిప్పయ్య నిద్రలోనే, "అవ్వవు," అన్నాడు.

తెల్లారగానే గవ్వ మామూలుగా, "అమ్మా, దాహం," అంది.

"కాలువ అక్కడే ఉంది."

"కాలు..."

"నీ కాలికేమీ కాలేదు. దాహమైతే నడిచి వెళ్లి తాగు. లేకపోతే మానేయ్."

గవ్వ తల్లి ముఖంలోకి చూసింది. ఏడుద్దామా అనుకుంది గానీ ఆ ముఖం చూస్తే అది పనిచేసేలా లేదు. కుంటుకుంటూ వెళ్లి తంగేడు పొద వెనక కూర్చుంది. కంకరమ్మ అటు చూడలేదు. చూస్తే నీళ్లు తెచ్చేస్తానని ఆమెకు తెలుసు.

అప్పుడే తోకప్ప వచ్చాడు.

కంకరమ్మ కూత కూసింది. గుండు, పలుగు ఉన్నచోటే నేలకు అతుక్కుపోయారు. తిప్పయ్య మేతకు వెళ్లాడు. ఆమె రెక్క వాల్చి, కుంటుతూ, మూలుగుతూ పడమటి వైపు బయలుదేరింది.

తోకప్ప కదల్లేదు. తీరిగ్గా కూర్చుని తోక చుట్టుకున్నాడు.

"బాగా చేస్తున్నావు కంకరమ్మక్కా. మూలుగు కూడా పోయినసారి కంటే బాగుంది."

కంకరమ్మ ఇంకొంచెం గట్టిగా మూలిగింది.

"మొదటిసారి మామిడితోపు దాకా వచ్చాను. రెండోసారి రైలు కట్ట దాకా వచ్చాను. రెండుసార్లూ ఉత్త నోటితో ఇంటికెళ్లాను. మా ఆవిడ పిల్లల ముందే నా పరువు తీసింది. అప్పుడు కూర్చుని లెక్క తేల్చాను. నువ్వు ఎటు లాగుతున్నావో దానికి ఎదురు దిక్కున నీ పిల్లలుంటారు. ఇప్పుడు పడమటికి పోతున్నావు కదా? నేను తూర్పుకు పోతాను."

చెప్పినట్టే తూర్పుకు తిరిగాడు. ముక్కు నేలకు ఆనించి ఒక్కో రాయినీ వాసన చూసుకుంటూ నడిచాడు.

కంకరమ్మ రెక్క ఒక్కసారిగా బాగైపోయింది. ఎగిరి వాడి నెత్తి మీద పొడిచింది. రెక్కలతో చెవుల మీద కొట్టింది. తోకప్ప తల విదిలించుకుని ముందుకే పోయాడు. పలుగు వాడికి పది అడుగుల దూరంలో ఉన్నాడు. తర్వాత ఆరు. పిల్లవాడు రాయిలాగే ఉన్నాడు గానీ, ఆ రాయి గుండె కొట్టుకోవడం ఆమెకు పై నుంచే కనిపిస్తోంది. ఇక ఆమె దగ్గర ఇంకే ఉపాయమూ లేదు.

సరిగ్గా అప్పుడు తంగేడు పొద వెనక నుంచి సన్నగా ఒక ఏడుపు వినిపించింది.

"అమ్మా! నన్నొదిలి పోవద్దే! నేను నడవలేనే!"

గవ్వ బయటికి వచ్చింది. ఒక కాలు పైకెత్తుకుని, రెండు రెక్కలూ ఈడ్చుకుంటూ, రెండడుగులకోసారి పడిపోతూ చేను గట్టు వైపు పాకుతోంది.

తోకప్ప ముక్కు పైకి లేచింది. పెద్దవాళ్లు నటిస్తారు గానీ పసిపిల్లలు నటించరని వాడి నమ్మకం. ఇంట్లో నలుగురు పిల్లలున్నా వాడికి ఆ నమ్మకం ఎలా మిగిలిందో తెలియదు. దొరుకుతుందో లేదో తెలియని పిల్లను వదిలేసి, కళ్లముందున్న పిల్ల వైపు దూకాడు.

కంకరమ్మ కూడా నమ్మేసింది. నిజంగానే కుంటి పిల్ల. ఎద్దు మాట పట్టుకుని తనే దాన్ని దాహంతో వదిలేసింది. గుక్కెడు నీళ్లు తెచ్చిపెట్టి ఉంటే ఆ పొదలోనే నిద్రపోతూ ఉండేది కదా. "గవ్వా! పొదలోకి పో! పొదలోకి!" అని అరుస్తూ వాడి వెనక పడింది.

గవ్వ పొదలోకి పోలేదు. గట్టు మీద రైతు కంచెగా పేర్చిన తుమ్మకంప దగ్గరికి పోయి, అక్కడ బోర్లా పడింది. లేవబోయి మళ్లీ పడింది. తోకప్ప నాలుగు కాళ్లూ కూడదీసుకుని ఒక్క దూకు దూకాడు.

గవ్వ ఎగిరింది.

మూరెడు లేచి పడిపోవడం కాదు. కంప మీదుగా, చేను మీదుగా, మైలెద్దు కొమ్ముల మీదుగా గుండ్రంగా తిరిగి వచ్చేంత ఎగరడం. తోకప్ప మాత్రం దూకిన దూకు ఆపుకోలేక నేరుగా తుమ్మకంపలో పడ్డాడు. లోపల ఎటు కదిలినా ముళ్లే. వాడి కేకలు విని చేనులో మనుషులు కర్రలు పట్టుకుని లేచారు. సగం తోక బొచ్చు కంపకే వదిలేసి బయటపడ్డాడు. మళ్లీ ఆ బీడు వైపు రాలేదు.

గవ్వ వచ్చి తల్లి ముందు వాలింది. రెండు కాళ్ల మీద చక్కగా వాలింది.

కంకరమ్మ ముందు దాన్ని రెక్కల్లోకి లాక్కుంది. ఒళ్లంతా ముక్కుతో తడిమి చూసింది. దెబ్బలేమీ లేవని తేలాక నెత్తి మీద ఒక్కటి పొడిచింది.

"ఎన్నాళ్ల నుంచి ఎగురుతున్నావు?"

"పది రోజులైందమ్మా. నువ్వు నీళ్లకు వెళ్లినప్పుడల్లా పొద వెనక నేర్చుకున్నాను."

"నేను నీ కోసం నీళ్లకు వెళ్లినప్పుడల్లా?"

"అప్పుడే కదమ్మా ఖాళీ దొరికేది."

ఇంతలో తిప్పయ్య వచ్చాడు. జరిగిందంతా గుండు, పలుగు ఒకేసారి చెప్పారు. తిప్పయ్య ఛాతీ పొంగించుకుని, "అచ్చం మా వంశమే," అన్నాడు.

కంకరమ్మ గొంతు సవరించుకుంది. ఇలాంటప్పుడే పిల్లలకు బుద్ధి చెప్పాలి. "చూడు గవ్వా. కాలు బాగుండి కుంటడం తప్పు. అమ్మను మోసం చేయడం అంతకంటే పెద్ద తప్పు. ఇంకెప్పుడూ అలా చేయకూడదు."

"నక్క వస్తే?"

"నక్క వస్తే చేయొచ్చు."

"కుక్క వస్తే?"

"కుక్క వచ్చినా చేయొచ్చు."

"అన్నలు నా పురుగులు లాక్కోవడానికి వస్తే?"

కంకరమ్మ నోరు తెరిచింది. ముగ్గురు పిల్లలూ జవాబు కోసం చూస్తున్నారు.

"మీ నాన్నను అడుగు," అంది కంకరమ్మ.

తిప్పయ్య అప్పటికే మళ్లీ మేతకు బయలుదేరాడు.

నీతి: పిల్లలు మనం చెప్పింది సగమే వింటారు, మనం చేసింది మాత్రం మొత్తం నేర్చుకుంటారు.