ఐదున్నర శ్రుతి

పోయిన గొంతు ఆ ఆదివారం ప్రార్థనాబలంతో సలోమికి తిరిగి వచ్చిందని, చర్చి గంటలా మోగిందని డెల్టా సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో సగం మంది అప్పటికి పుట్టనేలేదు. మిగిలినవాళ్లలో ఏ ఇద్దరూ ఒకలా చెప్పరు. నిదానించి చూడవలసిన మాట.

ఏటా జరిగే పాటగాళ్ల సదస్సు అది. చుట్టుపక్కల సంఘాల గాయకులు మూడు రోజులు ఒక మిషన్ కాంపౌండులో కూడి, స్వరమూ తాళమూ నేర్చుకొని, ఆఖరున ఆదివారం ఆరాధన కలిసి జరిపేవారు. ముగింపు కీర్తన ఎత్తుకోవడం ఎప్పుడూ సలోమిదే. ఆమెకు పాట నేర్పిన ఎబెనేజరు మాస్టారిదే హార్మోనియం. శ్రుతి ఐదున్నర, మగవాళ్లకు బొత్తిగా అందని ఎత్తు. ఆ ఎత్తున ఆ కీర్తన పాడగలది తానొక్కతేనని సలోమికి తెలుసు. తెలియనట్టు ఉండటం ఆమెకు చేతకాదు.

ఆ ఏడు చలిజ్వరం తర్వాత ఆమె గొంతు పైకి వెళ్లడం మానేసింది. శనివారం సాధనలో చరణం దగ్గర జీరపోయింది. పక్క సంఘం మార్తమ్మ, "వెండి గిన్నెకు సొట్ట పడిందే" అని వినపడేలాగే అన్నది.

సలోమి మాస్టారి దగ్గరకు వెళ్లి, రేపు ఇంకెవరిచేతనైనా పాడించమన్నది. శ్రుతి తగ్గిద్దామని ఆయన అనకముందే అదీ వద్దన్నది.

"ఐదున్నర నుంచి దిగానంటే, నా పని అయిపోయిందని అందరికీ తెలిసిపోతుంది మాస్టారూ."

ఆయన హార్మోనియం తిత్తి మీద దుమ్ము తుడుస్తూ, "పొద్దున వేడినీళ్లు తాగి రామ్మా" అన్నారు. అంతే.

ఆ హార్మోనియానికి మెట్ల పలకను పక్కకు జరిపే ఏర్పాటుంది. జరిపితే, వేళ్లు అలవాటైన చోటనే ఆడినా శ్రుతి మారిపోతుంది. మర్నాడు సలోమి పాటకు లేచి నిలబడ్డాక, అంతమంది చూస్తుండగానే, మాస్టారు పలకను మూడు మెట్లు కిందికి జరిపి శ్రుతి పట్టారు. ఐదు, నాలుగున్నర, నాలుగు.

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. పాడక తప్పలేదు.

పల్లవి సాఫీగా సాగింది. చరణం వచ్చింది. ఏటా అక్కడ సంఘమంతా పాడటం ఆపి ఆమె వంక చూసేది. ఈసారి వెనక బల్లల నుంచి ఒక ముసలాయన గొంతు అందుకున్నది. ఆ వెంట మగవాళ్ల వరసలు, ఆడవాళ్లు, చివరకు మార్తమ్మ. బిగబట్టి ఉంచిన సలోమి భుజాలు దిగాయి. జ్వరం పడ్డ దగ్గర్నుంచి మొదటిసారి ఆమె బెదురు లేకుండా ఊపిరి తీసుకున్నది.

వాకిట్లోకి వచ్చాక మాస్టారే అన్నారు. "ఇన్నేళ్లూ నీ పాట విన్నారమ్మా. ఇవాళ పాడారు."

ఇక, గంటలా మోగిన గొంతు సంగతి. ఆనాటి ఆరాధనను కాంపౌండు బడి పంతులు టేపు మీద పట్టాడు. డబ్బా మీద తేదీ 1974 ఫిబ్రవరి 10. కీర్తన నాలుగు శ్రుతిలోనే ఉన్నది. చరణంలో, ఎంత చెవి ఒగ్గి విన్నా, సలోమి గొంతు విడిగా వినిపించదు.