హిమజ అడిగిన పెసరట్టు

భ్రమరాంబగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. కాకినాడలో ఆవిడ దగ్గర స్పానిష్ నేర్చుకునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. భర్త ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు స్పెయిన్‌లో కాపురం చేసి వచ్చి, ఇప్పుడు సొంతింట్లోనే నలుగురికి ఆ భాష చెబుతున్నారు. మేడమ్ అంటే పలకరు, పిన్నిగారూ అనాలి. గడప దాటి లోపలికి వచ్చాక తెలుగు మాట్లాడకూడదన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క నియమం. వీధి వరండాలో మాత్రం ఎన్ని తెలుగు కబుర్లైనా చెప్పుకోవచ్చు.

హిమజ సామర్లకోటలో ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు టీచరు. ఎండాకాలం సెలవులకు జీతంలేని సెలవు కూడా కలుపుకుని, స్పెయిన్‌లో ఒక భాషా పాఠశాలలో చేరబోతోంది. అక్కడ ఒక కుటుంబంతో కలిసి ఉండాలి. వీసా వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంట్లో తలుపు మీద, ఫ్రిజ్ మీద, బియ్యం డబ్బా మీద, ఎక్కడ చూసినా స్పానిష్ పేర్లు రాసిన చీటీలు అంటించేసింది. దేవుడి మందిరం జోలికి మాత్రం రావద్దని వాళ్ళమ్మ ఖండితంగా చెప్పింది గానీ, వారం తిరక్కుండా ఆవిడే "దోమలొస్తున్నాయి, ఆ ప్వెర్తా కాస్త వెయ్యవే" అని తలుపు వేయించడం మొదలుపెట్టింది.

ఇంత సంబరంలోనూ హిమజకి ఒక బెంగ ఉంది. చేరిన మొదటిరోజు మాట్లాడించి చూసి, దాన్నిబట్టి ఏ తరగతో తేలుస్తారు. కాగితం మీద ఆమెకి తిరుగులేదు. నోటితో అనాల్సి వచ్చేసరికి మాత్రం వాక్యమంతా లోపల కూర్చుకుని, సరిచూసుకుని, ఈలోగా అవతలివాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోతే ఇక ఊరుకుంటుంది. అక్కడా ఇలాగే బిగుసుకుపోతే తీసుకెళ్ళి అఆల దగ్గర కూర్చోబెడతారు. ఎప్పుడో వచ్చినదాన్నే మళ్ళీ నేర్చుకుని తిరిగి రావాలి. బడివాళ్ళు ఇంత సెలవు ఇంకోసారి ఇవ్వరు.

ప్రయాణం ఇంకా వారం ఉందనగా, ఒక ఆదివారం పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కి, తనకి పాఠం చెప్పే భ్రమరాంబగారింటికి వచ్చేసింది. వరండాలో చెప్పులు విడుస్తూనే అడిగింది.

"పిన్నిగారూ, అక్కడ నాకు నోరు పెగలాలంటే ఈ వారంలో ఇంకా ఏం చదువుకోమంటారు?"

"పెసరట్లు వేస్తున్నాను, లోపలికి రా" అన్నారావిడ.

గడప దాటారు, భాష మారింది. భ్రమరాంబగారు మొదటి అట్టు పెనం మీంచి తీసి, పక్కన అల్లప్పచ్చడి వేసి, తింటావా అని స్పానిష్‌లో అడిగారు. ఆ వాసనకి హిమజ కడుపులో పేగులు అరిచాయి. అయినా సరే, వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాను అంది. వంక పెట్టడానికి వీల్లేని స్పానిష్‌లో అంది. మనకిది కొత్తేమీ కాదు. ఒకరింటికి వెళ్ళినప్పుడు మొదటిసారి వద్దనాలి. వాళ్ళు భలేదానివే, ఒక్కటి తిను అనాలి. మనం ఇంకాస్త మొహమాటపడాలి. అప్పుడు వాళ్ళు కేకలేసి పళ్ళెం ముందు కూర్చోబెట్టాలి. ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేసిన పద్ధతి ఇది. ఇందులో ఇంతవరకూ ఎవరూ పస్తు పడుకున్నదీ లేదు.

భ్రమరాంబగారు సరేనని తలూపి, ఆ పళ్ళెం తమ ముందు పెట్టుకుని తినడం మొదలుపెట్టారు.

హిమజ బిత్తరపోయింది. ఆవిడ తింటూ ఎండల గురించి అడిగారు, బస్సులో రద్దీ గురించి అడిగారు. హిమజ ముక్తసరిగా, తప్పుల్లేకుండా జవాబులు చెప్పింది. మంచినీళ్ళు కావాలా అన్నారు. పరవాలేదండీ అంది. ముందుకొచ్చిన గ్లాసు కాస్తా వెనక్కి వెళ్ళింది. రెండో అట్టు కూడా ఆవిడే వేసుకుని, ఆవిడే తిన్నారు. తర్వాత నింపాదిగా లేచి పిండి గిన్నె మీద మూత పెట్టారు.

ఇలాంటప్పుడు అడగడానికి మర్యాదైన వాక్యం ఒకటుంది. అది హిమజకి వచ్చు. దాన్ని లోపల కూర్చుకుంటూ ఉండగానే ఆవిడ చెయ్యి స్టవ్ కట్టెయ్యడానికి వెళ్ళింది. ఇంకో క్షణం ఆగితే అట్టు లేదు.

"నేను ఆకలి" అనేసింది హిమజ స్పానిష్‌లో. "ఒకటి. కాదు, రెండు. ఉల్లిపాయ చాలా. తినడం లేదు నేను, అబద్ధం."

అందులో ఒక్క ముక్కా సరిగ్గా కుదరలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. భ్రమరాంబగారు ఏ తప్పూ దిద్దలేదు. గిన్నె మీద మూత తీశారు.

ఆ తర్వాత జరిగింది హిమజే నమ్మలేకపోయింది. వేడివేడి అట్టు తుంపుకుంటూ, ఎవరూ అడక్కుండానే బస్సు కబురు ఎత్తుకుంది. మేకపిల్లతో ఎక్కిన ఒక ముసలాయనకీ కండక్టరుకీ జరిగిన తగాదా అది. మేకపిల్లని స్పానిష్‌లో ఏమంటారో తట్టకపోతే మేకలా అరిచింది. కండక్టరుని ఏమంటారో తట్టకపోతే లేచి నిలబడి ఈల వేసింది. వాక్యాలు ఎక్కడో మొదలై ఎక్కడో తేలాయి. భ్రమరాంబగారు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, ఆ ముసలాయన చివరికి దిగిపోయాడా లేదా అని ఆత్రంగా అడిగారు. లేదంది హిమజ, మేకపిల్లని కండక్టరే ఒళ్ళో పెట్టుకున్నాడని చేతులతో చూపించి, ఇంకో అట్టు వెయ్యమంది. ఆమెకి ఎంత హుషారుగా ఉందంటే, ఇప్పుడే విమానం ఎక్కమన్నా ఎక్కేసేటట్టుంది.

వరండాలోకి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే, వచ్చిన పని గుర్తొచ్చింది.

"ఇంతకీ ఈ వారం ఏం చదవాలో చెప్పనేలేదు పిన్నిగారూ" అంది తెలుగులో.

భ్రమరాంబగారు కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు.

"అక్కడివాళ్ళు చాలా మర్యాదస్తులమ్మా" అన్నారు. "వద్దంటే రెండోసారి అడగరు."