దాలమ్మ చిలక గడియారం

ఏటికి వంతెన లేని కాలం. పొద్దు చూసి పొలానికీ, నీడ చూసి ఇంటికీ పోయే కాలం. అప్పట్లో ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో దాలమ్మ అని ఒక ముసలిది ఉండేది. మొగుడు పల్లకీ మోసే బోయీ. వరదలో ఒక దొరను భుజాన ఎత్తుకుని ఒడ్డు చేర్చాడని, ఆ దొర తన జేబు గడియారం ఇచ్చి పోయాడు. మొగుడు పోయాడు, గడియారం మిగిలింది.

వెండి గొలుసు. మూత మీద పచ్చటి చిలక, దాని ముక్కున ఎర్రటి పండు. ముళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. అయితేనేం, టైము ఎవడిక్కావాలి? ఆ గొలుసు పొట్ట మీద వేలాడితే చాలు, ఎంత బక్కచిక్కిన పెళ్ళికొడుకైనా జమీందారు బిడ్డలా కనిపించేవాడు. అది లేకుండా వెళితే ఆడపెళ్ళివారు ముసిముసిగా నవ్వేవారు.

సాలెవాళ్ళు అడిగారు, ఇచ్చింది. కుమ్మరివాళ్ళు అడిగారు, ఇచ్చింది. కాపులు అడిగారు, ఇచ్చింది. "పెళ్ళికొడుకు ఎవడైనా పెళ్ళికొడుకే" అనేది, అంతే.

ఒక మాఘంలో డప్పులపేట ఎర్రయ్య వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. ఊళ్ళో ప్రతి పెళ్ళి ఊరేగింపుకీ ముందు నడిచి డప్పు కొట్టేది అతనే. ఇప్పుడు కొడుకు పెళ్ళి. అడగడానికి నోరు రాలేదు. దాలమ్మే గడియారం తెచ్చి చేతిలో పెట్టింది.

ఊరు భగ్గుమంది. ముగ్గురు పెద్దలు వచ్చారు. మొదటాయన నచ్చజెప్పాడు. రెండో ఆయన ఏడాది గింజలు ఆశ చూపాడు. మూడో ఆయన కళ్ళెర్రజేశాడు.

"ఆ పేటలో తిరిగిన గొలుసు మా పిల్లలు ముట్టరు. నీ గడప తొక్కేవాడుండడు."

"ముట్టకపోతే మాననీయండి బాబూ. పెళ్ళికొడుకు ఎవడైనా పెళ్ళికొడుకే."

అన్నంత పనీ చేశారు. పొయ్యిలోకి నిప్పు అడిగినా ఇవ్వలేదు. పలకరించే దిక్కులేక ముసలిది కుమిలిపోయింది. డప్పులపేట నుంచి వచ్చే గంజే ఆమెకు ఆధారం.

మళ్ళీ మాఘం వచ్చింది. మూడో పెద్దాయన మనవడికి పెళ్ళి కుదిరింది. చిలక గడియారం లేని పెళ్ళికొడుకు మాకొద్దని ఆడపెళ్ళివారు కబురు పెట్టారు. పెద్దాయన సిగ్గు దిగమింగి దాలమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె అప్పటికే మంచం పట్టింది.

"నా కాడ లేదు బాబూ. మీరు ముట్టమన్నాక ఎర్రయ్యకే ఇచ్చేశాను. ఎల్లి అడుగు, ఇస్తాడు."

వెళ్ళాడు. పెద్దాయన ఎర్రయ్య ఇంటి గుమ్మం అవతలే నిలబడ్డాడు. నోరు రాలేదు. ఎర్రయ్యే తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆ వారమే దాలమ్మ పోయింది. పాడె ముందు ఎర్రయ్య డప్పు కొట్టాడు, వెనక ఊరంతా నడిచింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎంతటివాడి ఇంట పెళ్ళైనా, ఇంటి పెద్ద డప్పులపేటకి నడిచి వెళ్ళి గడియారం అడగాలి. వాళ్ళు గుమ్మం బయట ఇవ్వరు. లోపలికి పిలిచి, పీట వేసి, ముంతెడు గంజి పోస్తారు. దాలమ్మ పేరు చెప్పుకుని అది తాగినవాడికే గడియారం.