చుక్కడి మెడ

దుర్ముఖి సంవత్సరం, మాఘమాసం. చలి ఇంకా విరగలేదు. జాతర పందేలకని చుట్టుపక్కల ఊళ్ల కుర్ర పొట్టేళ్లన్నిటినీ ఒకే దొడ్డిలోకి తోలారు. ఒకరినొకరు ఆనుకుని పడుకోవడం, ఒకే తొట్టిలో మూతులు ముంచడం, ఒకే బెల్లంముద్దను వంతులేసుకుని నాకడం. బెల్లం పంచుకోనివాడు పొట్టేలే కాదని వాళ్ల కట్టుబాటు.

కుర్రాళ్లు బెదరకుండా వాళ్లతో ముసలిగొర్రె బూదమ్మను కూడా ఉంచారు. ఆమె కన్నవాళ్లలో మిగిలింది చుక్కడొక్కడే.

"పశువుల డాక్టరు సూది తెచ్చాడంటరా," అంది వాడితో. " మెడబిగుసు జబ్బు రాకుండానట. పోయి వేయించుకో."

కంచె అవతల గుంటనక్క కిసుక్కున నవ్వింది. "వేయించుకో అల్లుడూ! మెడ వాచి, పందెంలో మేకపిల్ల చేతిలో ఓడిపోదువుగాని. అయినా సూదులు పసికూనలకి గానీ, ఇంత కొమ్ములున్నవాడికా?"

పొట్టేళ్లు గొల్లున నవ్వారు.

"విన్నావా అమ్మా?"

"విన్నాను. నువ్వు పడితే తినేదెవరో కూడా చూస్తున్నాను."

"ఇక్కడ జబ్బున్నవాడెవడే? బండకొమ్ము బావను చూడు, రాయిలా ఉన్నాడు!"

"వాడి నోట్లో ఏముందో నీకేం తెలుసురా?"

డాక్టరు వచ్చినప్పుడు చుక్కడు గడ్డివామి వెనక దాక్కున్నాడు. ఆ సాయంత్రం బండకొమ్ము నాకిన బెల్లాన్నే తనూ నాకాడు.

పందెం ముందురోజుకి వాడి ఒళ్లు కాలిపోతోంది. మెడ వంగడం లేదు.

"ఢీకొట్టుకున్నాం కదే, పట్టేసింది," అన్నాడు. తోటివాళ్లు శభాష్ అన్నారు. మెడ పట్టడం పొట్టేళ్లకి గొప్ప.

"మరి ఎండ చూస్తే కళ్లు మూసుకుంటావేంరా?"

"నిద్ర లేదులే, వదిలెయ్."

బూదమ్మకి మనసొప్పలేదు. మూతితో వాడి పొట్టకింద ఉన్ని పక్కకి తోసి చూసింది. ఎర్రటి మచ్చలు. ఆమె అరిచిన అరుపుకి కాపరి పరుగెత్తుకొచ్చి, చూసి, డాక్టరు కోసం పరుగెత్తాడు.

డాక్టరు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. చుక్కడితో బెల్లం నాకినవాళ్లందరికీ మందు పోశాడు. సూది వేయించుకున్నవాళ్లు నిక్షేపంగా ఉన్నారు. బండకొమ్ము కూడా నెమరేస్తూ నిలబడ్డాడు. జబ్బును నోట్లో మోసుకొచ్చింది వాడే, పడింది మాత్రం వాడు కాదు.

కంచె అవతల నక్క మూతి నాక్కుంది. "మంచి పిల్లాడు. చెప్పిన మాట విన్నాడు," అంది.

కొమ్ములు ఎదురుగా వచ్చేదాన్నే ఆపుతాయి. కనపడకుండా వచ్చేదానికి ముందే సూది వేయించుకోవాలి.

చుక్కడు చచ్చిపోయాడు. వాడి తర్వాత బెల్లం నాకి అదే జబ్బు పడ్డ ఎర్రపొట్టేలు బతికాడు. వాడికి చెవులు వినపడవు.